బాలిలో వీసా పొడిగింపు: ఆ వారం బస ఎక్కడ పెట్టుకోవాలి, ఏజెంటు కావాలా

బెంగళూరు నుంచి నేరుగా విమానం వచ్చాక బాలికి వెళ్లే మనవాళ్లు బాగా పెరిగారు, వెళ్లినవాళ్లలో ఇంకొన్నాళ్లు ఉండిపోదామనుకునేవాళ్లూ పెరిగారు. మేమిద్దరం గలుంగన్ పండగ, ఆ తర్వాత పది రోజులకు వచ్చే కునింగన్ రెండూ చూసి రావాలని వీసా పొడిగించుకున్నాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఏజెంటు అక్కర్లేదు, మీ పని మీరే చేసుకోవచ్చు. అయితే ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాల్సిన వారం బస ఎక్కడ పెట్టుకున్నారన్న దాన్ని బట్టే ఈ పని సులువో కష్టమో తేలుతుంది.

ముందు డబ్బు సంగతి. దిగగానే ఇచ్చే వీసాకు 5 లక్షల ఇండోనేషియా రూపియాలు, అంటే మన డబ్బులో రెండున్నర వేల పైచిలుకు. దానికి 30 రోజులు. ఇంకో 5 లక్షలు కడితే మరో 30 రోజులు ఇస్తారు, అదీ ఒక్కసారే. రాత్రి పదకొండింటికి దిగినా ఆ రోజు ఒకటో రోజు కిందే లెక్క, కాబట్టి క్యాలెండర్ దగ్గర పెట్టుకుని వేళ్ల మీద లెక్కపెట్టండి. గడువు దాటితే మనిషికి రోజుకు 10 లక్షల రూపియాలు జరిమానా. ఒక్క రోజు ఆలస్యానికి కట్టే డబ్బుతో రెండుసార్లు వీసా వస్తుందన్నమాట!

ఒకప్పుడు ఆన్‌లైన్ వీసా ఉన్నవాళ్లు గదిలో కూర్చునే పొడిగించుకునేవారు. 2025 మే చివరి నుంచి అలా కుదరడం లేదు. దరఖాస్తు, డబ్బు కట్టడం ఆన్‌లైన్‌లో అయిపోయినా ఫోటోకి, చిన్న ఇంటర్వ్యూకి మనిషి స్వయంగా ఇమిగ్రేషన్ ఆఫీసుకు వెళ్లాల్సిందే. బాలిలో అలాంటి ఆఫీసులు మూడు: దెన్‌పసార్, ఎన్‌గురా రాయ్, ఉత్తరాన సింగరాజా. మీరు ఉంటున్న ప్రాంతాన్ని బట్టి వీటిలో ఒకటి మీది. ఉబుద్, సనూర్‌లో ఉంటే దెన్‌పసార్ ఆఫీసు, కూటా వైపు ఉంటే ఎన్‌గురా రాయ్. తూర్పున అమెద్‌లో ఉంటే మాత్రం కొండ దారుల్లో సింగరాజా దాకా పోవాలి. అమెద్ సముద్రం, అక్కడి నుంచి కనిపించే అగుంగ్ పర్వతం నాకు ప్రాణం, అయినా ఈ పని ఉన్న వారం అక్కడ గది తీసుకోవద్దనే చెప్తాను.

ఆ వారానికి సనూర్‌ని మించింది లేదు. దెన్‌పసార్ ఆఫీసు ఉన్న రెనోన్ పక్కనే, గ్రాబ్‌లోనో గోజెక్‌లోనో (మన ఓలా, ఉబర్ లాంటి యాప్‌లు) తేలిగ్గా వెళ్లిపోవచ్చు, పొద్దున్నే సముద్రం ఒడ్డున చదునైన దారిలో నడక, నుసా పెనిడా దీవికి వెళ్లే పడవలు కూడా అక్కడి నుంచే. మన కాన్సులేట్ కూడా రెనోన్‌లోనే ఉంది. చంగూ మాకు నచ్చలేదు. కెఫేలు బాగుంటాయి గానీ ఆ ఇరుకు సందుల్లో ట్రాఫిక్ చూస్తే అపాయింట్‌మెంట్ ఉన్న రోజు టెన్షనే. ఉబుద్‌లో మేం దిగిన హోమ్‌స్టే మాత్రం మనసుకు బాగా పట్టింది. తెల్లారగానే ఆ ఇంటావిడ తలస్నానం చేసి, కొబ్బరాకుతో అల్లిన చిన్న దొన్నెలో పూలు, నాలుగు మెతుకులు, ఒక బిస్కెట్ పెట్టి, అగరుబత్తి వెలిగించి మా గడప ముందు పెట్టి వెళ్లేది. గది రోజుకు 3 లక్షల రూపియాలు, ఏసీ లేదు, ఫ్యాన్ చాలు. శాకాహారులకు టెంపే (పులియబెట్టిన సోయా గింజల దిమ్మ), టోఫు ఎక్కడైనా దొరుకుతాయి, కాకపోతే సంబల్ అనే కారం పచ్చడిలో ఎండు రొయ్యల ముద్ద కలుపుతారు, అడిగి తినండి.

ఇక ఏజెంట్లు. మేం వాకబు చేసిన ఒకాయన ఫీజుకి దాదాపు రెట్టింపు అడిగాడు, పైగా పాస్‌పోర్టులు కొన్ని రోజులు తన దగ్గరే ఉంచాలన్నాడు. సరే, మరి ఫోటోకి ఎవరు వెళ్తారు అంటే, మీరే వెళ్లాలండీ అన్నాడు! అలాంటప్పుడు ఆయన చేసిపెట్టేదేముంది, ఫారం నింపడం తప్ప? పరాయి దేశంలో పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో పెట్టి తిరగడం నాకసలు ఇష్టం లేదు. పెద్దవాళ్లతో వెళ్లి, ఫోన్లో దరఖాస్తు నింపడం రానివాళ్లయితే తీసుకోండి, తప్పులేదు.

ఆఫీసులో పెద్దగా ఇబ్బందేమీ లేదు. ఎక్కడ ఉంటున్నారు, ఎందుకు పొడిగిస్తున్నారు, తిరుగు టికెట్ ఉందా, అంతే. ఫోటో తీసి పంపేశారు. నిక్కర్లు, చేతుల్లేని బనియన్లు, హవాయి చెప్పులతో వెళ్తే మాత్రం తిప్పి పంపుతారు, నిండుగా బట్టలు వేసుకుని వెళ్లండి.

గడువుకి రెండు వారాల ముందే మొదలుపెట్టండి. గలుంగన్‌కి వీధంతా పెంజోర్ అనే వంపు తిరిగిన, అలంకరించిన వెదుళ్లతో కళకళలాడుతుంది, ఆ రోజుల్లో ఆఫీసులకు సెలవులు. బాలివాళ్ల మౌన దినం న్యెపీ నాడైతే విమానాశ్రయం కూడా మూసేస్తారు, ఎవరూ గడప దాటకూడదు. వీసా పొడిగించాలని తేల్చుకున్న రోజే ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా చూసుకోండి. వీసాతో పాటు అది దానంతటది పెరగదు, గడువు ముగియకముందే కంపెనీకి చెప్పి పొడిగించుకోవాలి.