75 ఎంజీ యాస్పిరిన్: మూడేళ్లు వాడాక

తెనాలిలో టైలర్ షాపు నాది. గుండె రక్తనాళంలో స్టెంట్ (నాళం మూసుకుపోకుండా పెట్టే సన్నటి జాలీ గొట్టం) వేసి మూడేళ్లయింది. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం అన్నం తిన్నాక ఈ చిన్న మాత్ర వేసుకుంటున్నాను. స్ట్రిప్‌కి 14, సరిగ్గా రెండు వారాలు. ఏ రోజైనా మర్చిపోయానా అని డౌటొస్తే గుంటలు లెక్కపెట్టుకుంటే చాలు. ధర గురించి చెప్పుకోనక్కర్లేదు, నా టీల ఖర్చు ముందు అదెంత!

వేసుకుంటే ఏమీ తెలియదు. మొదట్లో నా అనుమానమంతా అదే. చిన్నప్పుడు జ్వరమొస్తే అమ్మ 350 ఎంజీ బిళ్ళలో సగం విరిచి గ్లాసు నీళ్లలో వేసేది. బుసబుసా పొంగేది. తాగిన కాసేపటికి వీపంతా చెమట, దుప్పటి తన్నేసేవాణ్ని. అదీ యాస్పిరినే. జ్వరంలో మెదడులోని హైపోథాలమస్ దగ్గర ప్రోస్టాగ్లాండిన్ అనే రసాయనం పెరుగుతుంది, ఒంటి వేడి ఎంత ఉండాలన్న లెక్క పైకి పోతుంది. ఆ రసాయనాన్ని తయారుచేసే కాక్స్ ఎంజైమ్‌ను బిళ్ళ ఆపగానే లెక్క కిందికి దిగుతుంది. అప్పుడు మన ప్రమేయం లేకుండా పనిచేసే నరాలు చెమట పట్టిస్తాయి. (ఇప్పుడు పిల్లలకు జ్వరానికి ఇది ఇవ్వరు, మెదడు, కాలేయం దెబ్బతినే రేయ్స్ సిండ్రోమ్ భయం. డెంగీ అనుమానముంటే పెద్దవాళ్లకూ వద్దు.)

75 ఎంజీకి అంత సీన్ లేదు. "బీపీ బిళ్ళే కదరా, నరాలు చల్లబడతాయి" అంటాడు పక్క షాపు బాబాయ్. కాదు బాబాయ్. గుండెను పరుగెత్తించే నరాల సంకేతాలకు అడ్డుపడేది పొద్దున నేను వేసుకునే మెటోప్రొలాల్. యాస్పిరిన్ పనంతా ప్లేట్‌లెట్లలో, అంటే రక్తాన్ని గడ్డకట్టించే కణాల్లో. అవి స్టెంట్ దగ్గర గడ్డకట్టకుండా చూస్తుంది.

సూది బెజ్జంలో తెగిన దారం ముక్క ఇరుక్కుంటే ఎలా ఉంటుందో అలాంటిదే ఇది. ప్లేట్‌లెట్‌లోని కాక్స్-1 ఎంజైమ్‌కి సన్నటి దారి ఉంటుంది. యాస్పిరిన్ అందులో ఒక ముక్క అతికించి పోతుంది, ఇక ఊడదు. ప్లేట్‌లెట్‌కి కేంద్రకం లేదు కాబట్టి కొత్త ఎంజైమ్ చేసుకోలేదు. బతికే వారం, పది రోజులూ అంతే. ఇంత చిన్న మోతాదు సరిపోవడం అందుకే.

పోయినేడాది పన్నునొప్పికి ఒక మందుల షాపులో ఐబుప్రోఫెన్ ఇచ్చారు. ఇంకేం వాడుతున్నావని అడగలేదు, నేనూ చెప్పలేదు. నాలుగు రోజులు రెండూ మింగాను. తెలిశాక మా గుండె డాక్టరు గట్టిగానే తిట్టారు. ఐబుప్రోఫెన్ ముందే వెళ్లి ఆ బెజ్జంలో కూర్చుంటే యాస్పిరిన్‌కి చోటుండదట. అది లేచేసరికి ఇది ఒంట్లో మిగలదు.

లోపాలూ ఉన్నాయి. పై పూత పేగుల్లో కరిగేదే అయినా కడుపు సేఫ్ అనుకోవద్దు. రక్తంలో కలిశాక, కడుపు పొరను కాపాడే ప్రోస్టాగ్లాండిన్‌నీ తగ్గిస్తుంది. నాకు మంట మొదలైతే గ్యాస్ మాత్ర తోడైంది. మలం నల్లగా వస్తే మాత్రం వెంటనే డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

రెండోది మా వృత్తి కష్టం. ఇదివరకు సూది గుచ్చుకుంటే వేలు నోట్లో పెట్టుకుంటే ఆగిపోయేది. ఇప్పుడు గట్టిగా నొక్కి పట్టుకుని కూర్చోవాలి. మొన్న ఒక పెళ్లికొడుకు తెల్ల లాల్చీకి గుండీలు కుడుతుంటే కాలర్ కింద చుక్క పడింది. చన్నీళ్లతో అప్పటికప్పుడు రుద్దితే పోయింది గానీ, ఆ పది నిమిషాలూ ఒకటే టెన్షన్.

నాలుగు స్టార్లు. డాక్టరు చెప్పకుండా ఒక్క రోజు కూడా మానను. తెల్లబట్ట చేతికొస్తే మాత్రం ముందే వేలికి ప్లాస్టర్ చుట్టుకుంటున్నాను.