నకుల్ బాల్ పట్టడానికి 38 అంగుళాల మిట్ కొనాలా?

క్రికెట్‌లో భువనేశ్వర్ నకుల్ బాల్ బ్యాటర్‌ని బోల్తా కొట్టిస్తుంది. బేస్‌బాల్‌లో అదే పేరున్న బంతి సొంత క్యాచర్‌ని (బ్యాటర్ వెనక బంతి పట్టేవాణ్ని) కూడా ఏడిపిస్తుంది. వేలి కొసలతో, గోళ్లతో పట్టి, స్పిన్ పడకుండా నెడతారు. తిరగని బంతి కుట్లకి గాలి తగిలి ఆఖర్లో ఎటు జారుతుందో వేసినవాడికీ తెలీదు.

పిచర్ (బంతి వేసే ఆటగాడు) హాయ్ట్ విల్హెల్మ్ ఈ బంతినే నమ్ముకున్నాడు. యుద్ధంలో గాయపడి, చిన్న లీగుల్లో ఏళ్లు గడిపి, 29 నిండాక 1952లో న్యూయార్క్ జెయింట్స్ జట్టులోకి వచ్చాడు. ఆ ఏడు ఆడిన 71 మ్యాచ్‌లూ రిలీఫ్‌లోనే, అంటే మొదలుపెట్టిన పిచర్ తప్పుకున్నాక మధ్యలో వచ్చి వేసినవే. అతని ఖాతాలో 15 గెలుపులు, 3 ఓటములు. 1972లో యాభయ్యేళ్లు నిండబోయే నెల దాకా వేస్తూనే ఉన్నాడు, మొత్తం 1070 మ్యాచ్‌లు. ఎంత గొప్ప ఓపిక!

నరకం మాత్రం పట్టేవాళ్లది. 1959లో విల్హెల్మ్ ఆడిన బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు క్యాచర్లు 49 పాస్డ్ బాల్స్ (పట్టాల్సింది పట్టలేక వదిలేసిన బంతులు) ఇచ్చారు. దాంతో మేనేజర్ పాల్ రిచర్డ్స్ 45 అంగుళాల చుట్టుకొలతతో మిట్ (క్యాచర్ తొడుక్కునే తోలు గ్లవ్) కుట్టించాడు. 1960 మే 27న యాంకీస్ మీద క్యాచర్ క్లింట్ కోర్ట్‌నీ అది తొడుక్కుంటే ఒక్క పాస్డ్ బాలూ పడలేదు. తర్వాత రూల్ మారింది. ఇప్పుడు 38 అంగుళాలు దాటకూడదు.

రూల్ ఒప్పుకుంటుంది కదా అని 38 కొనకండి. అంత లోతులో బంతి చేతికి వెంటనే దొరకదు, తీసి రెండో బేస్‌కి విసిరేలోగా రన్నర్ అక్కడికి చేరతాడు. సాఫ్ట్‌బాల్ (పెద్ద బంతితో ఆడే బేస్‌బాల్ లాంటి ఆట) క్యాచర్ మిట్, 34 లేదా 34.5 అంగుళాలది, దీనికి బాగా నప్పుతుంది. పాకెట్ (బంతి పడే గుంట) వెడల్పుగా ఉంటుంది, బరువు తక్కువ. నకుల్ బాల్ పిచర్ టిమ్ వేక్‌ఫీల్డ్ బంతులకి అతని క్యాచర్ డగ్ మిరాబెల్లీ వాడింది అలాంటిదే. అమెరికాలో లిటిల్ లీగ్ ఆడే మన పిల్లలకి మాత్రం ఇదీ పెద్దదే, మణికట్టు వాలిపోతుంది.

కొత్త మిట్‌ని వాడకానికి సిద్ధం చేసేటప్పుడే చాలామంది పాడుచేస్తారు. ఓవెన్‌లో పెడితే తోలు ఎండి తాళ్లు తెగుతాయి. నూనె ఎక్కువైతే బరువెక్కి మెత్తబడిపోతుంది. తోలు కండిషనర్ పల్చగా రుద్ది, పాకెట్‌లో బేస్‌బాల్‌కి బదులు 12 అంగుళాల చుట్టుకొలత ఉన్న సాఫ్ట్‌బాల్ పెట్టి రాత్రంతా కట్టి ఉంచండి. 9 అంగుళాల బంతితో పాకెట్ ఇరుకుగా తయారై, అంచుకి తగిలిన నకుల్ బాల్ బయటికి ఎగిరిపోతుంది.

పట్టేటప్పుడు మిట్‌ని ముందుకి తోయకండి, బంతి దగ్గరికి వచ్చేదాకా ఆగండి. పక్కకి జారే ఆ చివరి రెండడుగులు చూశాకే చెయ్యి కదపాలి.