ఫ్లైట్ సిమ్యులేటర్ కోసం 9900కే ఓవర్‌క్లాక్: కొన్నేళ్లు వాడాక నా మాట

ముందే తేల్చి చెప్పేస్తాను. ఇంటెల్ కోర్ ఐ9-9900కే ప్రాసెసర్‌ని ఓవర్‌క్లాక్ చేసి, అంటే కంపెనీ పెట్టిన వేగం కన్నా పైకి లేపి, అన్ని కోర్లమీదా (చిప్‌లో లెక్కలు చేసే విభాగాలు) 5 గిగాహెర్ట్జ్ దగ్గర నిలకడగా నడపడం ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడేవాళ్లకు నిజంగా పనికొస్తుంది. దానివల్ల మూలన కనిపించే ఎఫ్‌పీఎస్ (సెకనుకు తెరమీదికి వచ్చే ఫ్రేములు) అంకె పెద్దగా మారదు. విమానం రన్‌వే మీదికి దిగే ఆఖరి రెండు మూడు నిమిషాలు బొమ్మ తడబడకుండా సాఫీగా నడుస్తుంది, అంతే. గంటల తరబడి ఎగిరి, సరిగ్గా చక్రాలు నేలను తాకే వేళ తెర ఆగి ఆగి కదిలితే ఎంత చిరాకో సిమ్ ఆడేవాళ్లకు నేను చెప్పక్కర్లేదు. ఆ చిరాకు పోగొట్టుకోడానికే ఇదంతా చేశాను.

మాది విజయవాడ. మెషీన్ వివరాలు: జడ్390 మదర్‌బోర్డు, 32 జీబీ డీడీఆర్4 ర్యామ్, ఆర్‌టీఎక్స్ 3080 గ్రాఫిక్స్ కార్డు, 1440పీ మానిటర్, 360 ఎంఎం లిక్విడ్ కూలర్. ప్రాసెసర్ కొన్న కొత్తలో ప్రిపేర్3డీ, ఎక్స్‌ప్లేన్ 11 సిమ్యులేటర్లు ఎక్కువగా ఆడేవాణ్ని. 2020 ఆగస్టులో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ వచ్చాక దాదాపు పూర్తిగా దానికే మారిపోయాను. ఇక్కడ చెప్పేదంతా ముఖ్యంగా ఆ సిమ్ గురించే.

ఎనిమిది కోర్లు, పదహారు థ్రెడ్లు (ఒకేసారి నడిచే పని వరసలు) ఉన్న ప్రాసెసర్‌కి ఓవర్‌క్లాక్ ఎందుకు అని అడుగుతారు. పెళ్లికి ఎంతమంది చుట్టాలు వచ్చినా మంత్రం చదివే పురోహితుడు ఒక్కడే. సిమ్యులేటర్‌లో మెయిన్ థ్రెడ్ పరిస్థితీ అదే. విమానం సిస్టమ్స్ లెక్కలు, చుట్టూ తిరిగే ఇతర విమానాలు, ఏ ఫ్రేమ్‌లో ఏ వస్తువు గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పడం, ఇలా చాలా పని ఆ ఒక్క థ్రెడ్ మీదే పడుతుంది. మిగతా కోర్లు సగం ఖాళీగా ఉంటాయి. అందుకే టాస్క్ మేనేజర్‌లో సీపీయూ వాడకం 30 శాతమే కనిపిస్తున్నా గేమ్ మాత్రం నత్తనడక నడుస్తుంది. ఇది ఇవాళ్టి సంగతి కాదు. 2006లో వచ్చిన ఎఫ్‌ఎస్‌ఎక్స్ (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) కాలం నుంచీ సిమ్ ఆడేవాళ్లు కోర్ల లెక్క కన్నా క్లాక్ స్పీడ్ (గిగాహెర్ట్జ్‌లో చెప్పే వేగం) వెంటే పడుతున్నారు. మీ దగ్గర అడ్డుపడుతున్నది సీపీయూనా, కార్డా అనేది తెలుసుకోవాలంటే సిమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఎఫ్‌పీఎస్ డబ్బా తెరవండి. ‘లిమిటెడ్ బై మెయిన్‌థ్రెడ్’ అని వస్తే ఈ సమీక్ష మీకు ఉపయోగం. ‘లిమిటెడ్ బై జీపీయూ’ అని వస్తే ప్రాసెసర్ జోలికి పోవద్దు. 4కేలో ఆడేవాళ్లకు ఎక్కువగా రెండోదే వస్తుంది.

ఇక్కడ అందరూ పొరబడే విషయం ఒకటుంది. 9900కే డబ్బా మీద 5 గిగాహెర్ట్జ్ అని ఉంటుంది కాబట్టి, ఓవర్‌క్లాక్ చేసినా కొత్తగా వచ్చేదేముంది అనుకుంటారు. ఆ 5 గిగాహెర్ట్జ్ ఒకటి రెండు కోర్లు మాత్రమే పనిచేస్తున్నప్పుడు. మూడు నాలుగు కోర్లు లేస్తే 4.8కి, అంతకుమించి లేస్తే 4.7కి పడిపోతుంది. సిమ్ నడుస్తుంటే నేపథ్యంలో నేలబొమ్మలు లోడ్ చేసే థ్రెడ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. అంటే మన మెయిన్ థ్రెడ్‌కి దక్కేది దాదాపు ఎప్పుడూ 4.7 మాత్రమే. దాన్ని 5.0 చేస్తే పెరిగేది 6 శాతం పైచిలుకు. 30 ఎఫ్‌పీఎస్ వస్తున్నచోట 32 వస్తుంది. ‘ఇంతేనా’ అనిపించడం సహజం.

కానీ నేను ఆడేది 60 హెర్ట్జ్ దగ్గర వీసింక్ (ఫ్రేములను మానిటర్ రిఫ్రెష్‌తో కలిపి చూపే సెట్టింగ్) పెట్టి, 30 ఎఫ్‌పీఎస్‌కి లాక్ చేసి. ఆ లాక్ నిలబడాలంటే ప్రతి ఫ్రేమూ 33.3 మిల్లీసెకన్లలోపు తయారవ్వాలి. ఒక ఫ్రేమ్‌కి 34.5 పట్టిందనుకోండి, అది వెంటనే తెరమీదికి రాదు. మానిటర్ తర్వాతి రిఫ్రెష్ దాకా ఆగి 50 మిల్లీసెకన్ల దగ్గర వస్తుంది. కంటికి కొట్టొచ్చినట్టు కనబడే కుదుపు అదే. అదే పనిని 5.0 దగ్గర చేస్తే 34.5 కాస్తా 32.4 అవుతుంది. గీత దాటాల్సిన ఫ్రేమ్ గీతకు ఇవతలే ఆగిపోయింది. 6 శాతం అనేది సగటులో చిన్నది, ఈ గీత దగ్గర చాలా పెద్దది. ఓవర్‌క్లాక్ సమీక్షల్లో సగటు ఎఫ్‌పీఎస్ పట్టికలు చూసి ‘లాభం లేదు’ అని కొట్టిపారేసేవాళ్లు ఈ సంగతి పట్టించుకోరని నా అభిప్రాయం.

ఎక్కడ తేడా తెలుస్తుందో కూడా చెప్పాలి. గన్నవరం నుంచి శంషాబాద్‌కి ఏటీఆర్ విమానంలో వెళ్తే ఓవర్‌క్లాక్ ఉన్నా లేకపోయినా ఒకటే. చుట్టూ పొలాలు, ట్రాఫిక్ తక్కువ, ప్రాసెసర్‌కి టెన్షన్ లేదు. అదే ఏ320లో లండన్ మీదుగా హీత్రోకి దిగడం వేరు. కింద నగరమంతా ఫొటోగ్రామెట్రీ (ఫొటోల నుంచి తయారైన 3డీ భవనాలు), టార్మాక్ నిండా విమానాలు, కాక్‌పిట్‌లో ఆరు తెరలు ఎప్పటికప్పుడు మారుతూ ఉంటాయి. స్టాక్ సెట్టింగులతో (ఓవర్‌క్లాక్ లేకుండా) థేమ్స్ నది దాటే దగ్గర్నుంచే ఫ్రేమ్ టైమ్ గ్రాఫ్‌లో ముళ్లు లేచేవి. 5.0 పెట్టాక ఆ ముళ్లు పూర్తిగా పోలేదు గానీ బాగా పలచబడ్డాయి. ఫ్లేర్ చేసేటప్పుడు (నేలను తాకేముందు ముక్కు ఎత్తేటప్పుడు) స్టిక్ లాగితే ముక్కు చెప్పినట్టు వింటోంది. దానికి నేను పూర్తి మార్కులిస్తాను.

క్లాక్ ఒక్కటే పెంచి ఊరుకుంటే మాత్రం సగం పనే. కోర్లకీ, క్యాష్‌కీ (ప్రాసెసర్ లోపలే ఉండే చిన్న, వేగమైన మెమరీ) మధ్య నడిచే రింగ్‌ స్పీడు ఈ చిప్‌లో మామూలుగా 4.3 దగ్గర ఉంటుంది. దాన్ని 4.7కి తెచ్చాను. ర్యామ్‌ని 3200 నుంచి 3600కి, సీఎల్16 టైమింగ్స్‌తో (ర్యామ్ స్పందించే ఆలస్యం లెక్క) మార్చాను. మెయిన్ థ్రెడ్ లెక్కలు చేయడమే కాదు, చాలా సమయం ర్యామ్ నుంచి డేటా కోసం ఎదురుచూస్తూ గడుపుతుంది. ఈ చిప్‌లో ఎల్3 క్యాష్ 16 ఎంబీ మాత్రమే కాబట్టి ఆ ఎదురుచూపు తరచుగా తప్పదు. నా అనుభవంలో ర్యామ్, రింగ్ కలిసి ఇచ్చిన లాభం క్లాక్ ఇచ్చినదానికి ఏమాత్రం తీసిపోలేదు. ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని దానిమీద రాసిన వేగంతో నడిపే బోర్డు సెట్టింగ్) కూడా ఆన్ చేయకుండా 2133 దగ్గర ర్యామ్ నడుపుతూ ప్రాసెసర్‌ని తిట్టేవాళ్లను చూశాను. వాళ్లు ముందు ఆ ఒక్క స్విచ్ వేసుకోవాలి.

వోల్టేజ్ విషయంలో బోర్డుని నమ్మకండి. ‘ఆటో’లో వదిలేస్తే అవసరానికి మించి పోస్తుంది. మల్టీకోర్ ఎన్‌హాన్స్‌మెంట్ అని ఇంకొకటి ఉంటుంది, చాలా జడ్390 బోర్డుల్లో అది మనం అడగకుండానే కోర్లన్నిటినీ 5.0కి లేపుతుంది. అది ఆపేసి పగ్గాలు మన చేతిలోకి తీసుకోవాలి. మల్టిప్లయర్ 50, బేస్ క్లాక్ 100 మెగాహెర్ట్జ్ (రెండూ గుణిస్తే 5.0 గిగాహెర్ట్జ్), వోల్టేజ్ మాన్యువల్‌గా 1.30. లోడ్ పడగానే వోల్టేజ్ కాస్త కిందికి జారుతుంది, అది మంచిదే. ఆ జారుడుని అదుపు చేసే ఎల్‌ఎల్‌సీని మధ్యస్థంగా ఉంచితే నా చిప్‌లో లోడ్ దగ్గర 1.26 చూపిస్తుంది. ఎల్‌ఎల్‌సీని గరిష్ఠానికి పెట్టొద్దు. లోడ్ తీసేసిన క్షణంలో వోల్టేజ్ పైకి ఎగిరిపడుతుంది, అది హెచ్‌డబ్ల్యూఇన్ఫో లాంటి కొలిచే సాఫ్ట్‌వేర్‌లో కూడా కనబడదు. ఏవీఎక్స్ ఆఫ్‌సెట్ (ఏవీఎక్స్ అనే బరువైన లెక్కలు వచ్చినప్పుడు క్లాక్ తగ్గించే సెట్టింగ్) సున్నా పెట్టాను, ఫ్లైట్ మధ్యలో క్లాక్ ఉన్నట్టుండి పడిపోకూడదని.

ఇప్పుడు అసలు పరీక్ష. సినీబెంచ్ అనే పరీక్ష పాసైందంటే ఓవర్‌క్లాక్ నిలకడగా ఉందని అర్థం కాదు. ప్రైమ్95 లాంటి స్ట్రెస్ టెస్ట్‌లో గంటల తరబడి ఉడికించాల్సిన పనీ లేదు, ఆ వేడి సిమ్‌లో ఎప్పటికీ రాదు. నేను చేసేదేంటంటే, లైవ్ వెదర్, ట్రాఫిక్ పెట్టుకుని ఒక సుదీర్ఘ ఫ్లైట్ వేస్తాను. దిగాక విండోస్ ఈవెంట్ వ్యూయర్ తెరిచి సిస్టమ్ లాగ్ చూస్తాను. ఫ్లైట్ ఏ లోటూ లేకుండా పూర్తయినా, ఆ లాగ్‌లో పసుపు త్రికోణం పక్కన ‘వీయా-లాగర్ (WHEA-Logger), ఈవెంట్ 19’ అని కనిపిస్తే వోల్టేజ్ చాలట్లేదన్నమాట. ప్రాసెసర్ లోపల తప్పు జరిగింది, తనే దిద్దుకుంది, మనకు తెలియనివ్వలేదు. ఇవాళ దిద్దుకున్నది రేపు దిద్దుకోలేకపోతే సిమ్ చెప్పాపెట్టకుండా డెస్క్‌టాప్‌కి వచ్చేస్తుంది, లేదా నీలితెర పడుతుంది. అలాంటి ఎంట్రీ కనబడగానే 0.01 వోల్టు పెంచి మళ్లీ ఎగరాలి. వారం పది రోజులు లాగ్ శుభ్రంగా ఉంటే అప్పుడు నమ్మొచ్చు. సిమ్ క్రాష్ అయితే ముందు ఓవర్‌క్లాక్ తీసేసి చూడమని మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లు చెప్పేది ఊరికే కాదు.

మన ఎండల గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే అమెరికా, యూరప్ సమీక్షల్లో ఇది దొరకదు. అక్కడివాళ్లు 21 డిగ్రీల గదిలో కొలిచి రాస్తారు. గది ఉష్ణోగ్రత పది డిగ్రీలు పెరిగితే చిప్ ఉష్ణోగ్రత కూడా ఇంచుమించు పది పెరుగుతుంది, కూలర్ ఎంత ఖరీదైనదైనా సరే. జనవరి రాత్రి సిమ్‌లో 65 డిగ్రీలు దాటని చిప్ మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 80 పైన కూర్చుంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, ఆ రోజుల్లో నిలబడిన ఓవర్‌క్లాకే ఓవర్‌క్లాక్. చలికాలంలో సెట్ చేసుకుని మురిసిపోతే వేసవిలో మళ్లీ మొదటికొస్తుంది. అందుకే బయోస్‌లో (బోర్డు సెట్టింగుల మెనూ) రెండు ప్రొఫైళ్లు దాచుకున్నాను, చలికాలానికొకటి, వేసవికొకటి. వేసవి ప్రొఫైల్‌లో హైపర్‌థ్రెడింగ్ (ఒక్కో కోర్‌తో రెండు థ్రెడ్లు నడిపించే ఏర్పాటు) ఆపేస్తాను. ఎనిమిది నిజమైన కోర్లు ఈ సిమ్‌కి సరిపోతాయి, ఎఫ్‌పీఎస్‌లో నాకు లోటేమీ కనబడలేదు, వేడి మాత్రం గట్టిగా తగ్గింది. వీడియో ఎడిటింగ్ కూడా చేసేవాళ్లయితే ఇది నప్పదు. ఇంకొకటి, రేడియేటర్ రెక్కల్లో దుమ్ము. మన ఊళ్లలో రెండు మూడు నెలలకోసారి ఊదకపోతే నాలుగైదు డిగ్రీలు అక్కడే పోతాయి.

కరెంటు సంగతి: ఈ చిప్‌కి ఇంటెల్ చెప్పే 95 వాట్లు అన్నది 3.6 గిగాహెర్ట్జ్ బేస్ క్లాక్ లెక్క. 5.0 దగ్గర అన్ని కోర్లూ పూర్తిగా పనిచేస్తే 200 వాట్ల దాకా లాగుతుంది. సిమ్‌లో అందులో సగమే. అయినా చిన్న 600 వీఏ యూపీఎస్‌తో ఇలాంటి మెషీన్ నెట్టుకురావడం కష్టం.

ఏళ్లు గడిచేకొద్దీ ఏమైందంటే, మొదట్లో చలికాలం ప్రొఫైల్‌లో 5.1 నడిచేది. ఒక దశలో అదే వోల్టేజ్ దగ్గర లాగ్‌లో ఈవెంట్ 19లు మొదలయ్యాయి. వోల్టేజ్ ఇంకా పెంచి దాన్ని నిలబెట్టవచ్చు, నేను పెంచలేదు. 5.0కి దిగిపోయాను, తేడా కంటికి కనబడలేదు. వేడి, ఎక్కువ వోల్టేజ్ కలిస్తే సిలికాన్ మెల్లగా అరుగుతుంది. 2024లో ఇంటెల్ 13, 14వ తరం చిప్‌ల అస్థిరతకు ప్రాసెసర్ అవసరానికి మించి వోల్టేజ్ అడగడమే కారణమని ఇంటెల్ స్వయంగా ఒప్పుకుని, మైక్రోకోడ్ (చిప్ లోపలి సాఫ్ట్‌వేర్) మార్చి, వారంటీ రెండేళ్లు పొడిగించింది. అది చూశాక 1.35 దాటే ఆలోచనే వదిలేశాను.

నిజాయతీగా ఇంకో మాట కూడా చెప్పాలి. 2021 జులైలో వచ్చిన సిమ్ అప్‌డేట్ 5 ఒక్కటే నా ఓవర్‌క్లాక్ మొత్తం కన్నా ఎక్కువ ఇచ్చింది. అలాగే టెర్రైన్ లెవెల్ ఆఫ్ డీటెయిల్‌ని (నేల ఎంత వివరంగా కనబడాలో చెప్పే సెట్టింగ్) 200 నుంచి 100కి తగ్గిస్తే మెయిన్ థ్రెడ్ మీద పడే బరువు సగానికి సగం దిగినట్టుంటుంది. ట్రాఫిక్ స్లయిడర్లూ అంతే. వీటిని సర్దుకున్నాకే బయోస్‌లోకి వెళ్లాలి. స్లయిడర్లన్నీ గరిష్ఠంలో పెట్టి ఓవర్‌క్లాక్ మీద ఆశలు పెట్టుకుంటే నిరాశే.

కొత్తగా మెషీన్ కట్టుకునేవాళ్లకు నా సలహా వేరు. 2022 ఏప్రిల్‌లో ఏఎండీ కంపెనీ ప్రాసెసర్ 5800ఎక్స్3డీ వచ్చింది. దాని క్లాక్ 4.5 మాత్రమే, మల్టిప్లయర్ లాక్ చేసి ఉంటుంది, కానీ ఎల్3 క్యాష్ 96 ఎంబీ. నా కార్డు లాంటిదే ఉన్న ఒక మిత్రుడి ఇంట్లో అదే ఏ320, అదే హీత్రో, అవే సెట్టింగులు పెట్టి చూశాం. నేను ఇన్నేళ్లు పోగుచేసిన క్లాకు, రింగు, ర్యామ్ అన్నిటినీ అది ఓవర్‌క్లాక్ లేకుండానే దాటేసింది. డేటా కోసం ఎదురుచూసే పనికి పెద్ద క్యాషే అసలైన మందు. ఆ తర్వాత వచ్చిన 7800ఎక్స్3డీ, 9800ఎక్స్3డీలదీ అదే దారి. కాబట్టి సిమ్ కోసమే కొత్త ప్రాసెసర్ కొంటే ఎక్స్3డీ తీసుకోండి, ఓవర్‌క్లాక్ ఊసు ఎత్తక్కర్లేదు.

ఇప్పటికే 9900కే చేతిలో ఉండి, 1440పీలో ఆడుతూ, మెయిన్ థ్రెడ్ దగ్గర ఆగిపోతున్నవాళ్లు మాత్రం దాన్ని మార్చేముందు ఇది ఒకసారి చేసి చూడండి. ప్రస్తుతం నా వేసవి ప్రొఫైల్ ఇది: అన్ని కోర్లు 5.0, రింగ్ 4.7, బయోస్‌లో 1.30 వోల్టులు, ఎల్‌ఎల్‌సీ మధ్యస్థం, హైపర్‌థ్రెడింగ్ ఆఫ్, ర్యామ్ 3600. ఇందులో వోల్టేజ్ ఒక్కటి మాత్రం ఉన్నదున్నట్టు ఎక్కించుకోవద్దు, ఏ రెండు చిప్‌లూ ఒకలా ఉండవు. 1.30 దగ్గర మొదలుపెట్టండి, లాగ్ శుభ్రంగా ఉంటే 0.01 చొప్పున తగ్గించుకుంటూ రండి, ఈవెంట్ 19 కనిపించిన చోట ఆగి రెండు మెట్లు వెనక్కి ఎక్కండి.