మసక వెలుతురులో రాయలసీమ: బెలుం, గండికోట, లేపాక్షి

చీకటి చోట్ల మంచి ఫొటో రావాలంటే ఖరీదైన కెమెరా ఉండాల్సిందేనని చాలామంది ముందే తీర్మానించుకుంటారు. నా దగ్గరున్నది పాత డీఎస్‌ఎల్‌ఆర్, దాంతోపాటు వచ్చిన, 18 నుంచి 55 మి.మీ. వరకు జూమ్ అయ్యే 18-55 కిట్ లెన్స్. వాటితోనే ఈ మూడు ఊళ్లూ చుట్టి వచ్చాను. కొత్త లెన్స్ కంటే కెమెరాను ఆనించుకునే చోటు, సరైన వేళకు మనల్ని అక్కడ ఉండనిచ్చే బస ఎక్కువ అక్కరకొచ్చాయి. అందుకే హోటళ్ల సంగతి కూడా ఆ లెక్కలోనే చెబుతున్నాను.

ముందు బెలుం. నంద్యాల జిల్లా కొలిమిగుండ్ల మండలంలో ఉన్న ఈ సున్నపురాతి గుహలు 3,229 మీటర్ల పొడవు. అందులో కిలోమీటరున్నర వరకు మనం తిరగొచ్చు. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ వీటి గురించి రాశాడు. ఒక జర్మన్ బృందం 1982-83లో లోపలిదాకా వెళ్లి పరిశీలించింది. సందర్శకులకు తెరిచింది మాత్రం 2002లో.

లోపల ఉక్క ఎక్కువ. ఏసీ కారులోంచి దిగి నేరుగా లోపలికి వెళితే లెన్స్ మీద ఆవిరి పట్టేస్తుంది. ఓ పావుగంట ముందే బ్యాగు జిప్ తీసి కెమెరాకు బయటి గాలి తగలనివ్వండి. ఇక కిట్ లెన్స్‌తో జూమ్ జోలికి పోకపోవడమే మేలు. ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. 18 దగ్గర ఎఫ్ 3.5 వరకు తెరుచుకునే లెన్స్, 55కి వచ్చేసరికి ఎఫ్ 5.6 దాటి తెరుచుకోదు. అంటే లోపలికి వచ్చే వెలుతురు సగానికంటే తగ్గిపోతుంది. దగ్గరగా కావాలంటే నాలుగు అడుగులు ముందుకు వేయాలి, అంతే.

కెమెరా వెలుతురును ఎంత సున్నితంగా పట్టుకోవాలో చెప్పే ఐఎస్ఓను 3200 పెట్టడానికి భయపడొద్దు. ఫొటోలో గింజలు కనిపిస్తాయి, నిజమే. వాటిని ఇంటికొచ్చాక చాలావరకు తగ్గించుకోవచ్చు. చెయ్యి వణికి అలికినట్టైన ఫొటోను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ సరిగ్గా బాగుచేయలేదు. నేను మోచేతులు ఒంటికి ఆనించి, భుజం రాతిగోడకో రెయిలింగ్‌కో చేర్చి, ఊపిరి వదులుతూ వరుసగా మూడు నాలుగు షాట్లు తీస్తాను. బటన్ నొక్కేటప్పుడు కెమెరా కదులుతుంది కాబట్టి మొదటిది కాస్త చెదిరినా, మధ్యలోవి నిలకడగా వస్తాయి. లెన్స్‌లో కుదుపును సరిచేసే స్టెబిలైజేషన్ ఉంటే షట్టర్ వేగం 1/15 సెకను వరకూ ధైర్యంగా వెళ్లొచ్చు. అయితే అది మన చేతి వణుకునే ఆపుతుంది, ఎదురుగా నడిచే మనిషిని ఆపదు. ఎవరినైనా ఫ్రేమ్‌లో నిలబెడితే కదలొద్దని చెప్పాలి.

గుహలో కోటిలింగాలు అనే చోట పైనుంచి వేలాడే రాతి ఆకారాలు ఫొటోకు బాగా కుదిరాయి. అక్కడి లైటును ఏదో ఒక రాతి వెనక్కి వచ్చేలా దాచి నిలబడితే అంచులు వెలుగుతాయి, లోతు తెలుస్తుంది. లైటు నేరుగా ఫ్రేమ్‌లో పడితే మిగతాదంతా నల్లబడుతుంది. లైట్ల రంగులకు, తెలుపును తెలుపుగా చూపే ఆటో వైట్ బ్యాలెన్స్ తికమక పడుతుంది కాబట్టి, రంగులు తర్వాత సరిచేసుకునే వీలున్న రా (RAW) ఫార్మాట్‌లో తీయండి. గుహలోనే నీరు ఉండే పాతాళగంగ వైపు దారి ఇరుకు. సెలవు రోజుల్లో అక్కడ ఆగి ఫొటో తీసుకునే వీలుండదు, వారం మధ్యలో పొద్దున్నే వెళ్లాలి.

రాత్రి బస బెలుంలో వద్దంటాను. గుహలో ఏ వేళైనా ఒకే వెలుతురు. సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని గండికోటకు సాయంత్రానికి చేరితే ఆ రాత్రికి విలువ ఉంటుంది.

గండికోటలో ఏపీ టూరిజం వాళ్ల హరిత హోటల్‌లో దిగాం. దాని అసలు గొప్ప అది ఉన్న చోటే. తెల్లవారుజామున లేచి నడుచుకుంటూ లోయ దగ్గరికి వెళ్లొచ్చు. శని, ఆదివారాల్లో గదులు దొరకడం కష్టం, ముందే బుక్ చేసుకోండి. లోయ దగ్గర టెంట్లు వేసేవాళ్లూ ఉన్నారు. మేము చూసిన ఒక క్యాంపులో రాత్రి పొద్దుపోయేదాకా స్పీకర్లు, తెల్లటి ఎల్ఈడీ లైట్లు. ఆ కాంతిలో నక్షత్రాలేం కనిపిస్తాయి? టెంటే కావాలనుకుంటే లైట్లు ఎప్పుడు ఆర్పేస్తారో అడిగి డబ్బు కట్టండి.

ఎర్రమల కొండలను కోస్తూ పెన్నా పారే ఆ లోయలో అందరూ సూర్యుడి కోసమే చూస్తారు. నాకు నచ్చింది సూర్యుడు రావడానికి ముందు ఇరవై నిమిషాలు. ఆకాశం నీలంగా, రాయి ఎర్రగా, రెండూ కళ్లు చెదరకుండా కనిపించే వేళ అది. మడిచిన తువ్వాలు బండమీద పెట్టి, దానిమీద కెమెరా ఉంచి, రెండు సెకన్ల టైమర్‌తో తీశాను. ఇలా తీస్తే ఐఎస్ఓ 200 చాలు, షట్టర్ ఒకటి రెండు సెకన్లు తెరిచి ఉన్నా ఇబ్బంది లేదు. నక్షత్రాలకైతే 18 దగ్గర ఎఫ్ 3.5, ఐఎస్ఓ 3200, పదిహేను సెకన్లు. అంతకుమించితే చుక్కలు గీతలవుతాయి. ఆటోఫోకస్ ఆపేసి, దూరపు దీపం మీద చేత్తో ఫోకస్ చేసుకోవాలి. లోయ అంచున చాలాచోట్ల అడ్డుగోడ లేదు. చీకట్లో టార్చ్ లేకుండా ఒక్క అడుగు కూడా వేయకండి, పిల్లలను అటు తీసుకెళ్లకండి.

లేపాక్షి ఇక్కడికి చాలా దూరం, ప్రయాణానికే సగం రోజు పోతుంది. అయినా వీరభద్రస్వామి గుడి పైకప్పు మీద విజయనగర కాలపు చిత్రాల కోసం వెళ్లాల్సిందే. పార్వతీ కల్యాణం, కిరాతార్జునీయం ఘట్టాలు అక్కడ ఉన్నాయి. ఆ రంగులకు హాని కాబట్టి ఫ్లాష్ వద్దు. పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కు అనుమతి కావాలి. ఆ అవసరం రాకుండా, జనం లేనప్పుడు తువ్వాలు మీద కెమెరాను వెల్లకిలా నేలమీద పెట్టి టైమర్ నొక్కి పక్కకు తప్పుకున్నాను. అర సెకను ఎక్స్‌పోజర్‌తో గీతలు, వెలిసిన ఎరుపు, నలుపు అంచులు అన్నీ స్పష్టంగా వచ్చాయి. స్తంభాల మధ్య నుంచి బయటి ఎండ ఫ్రేమ్‌లోకి వస్తే కెమెరా మోసపోయి పైకప్పును నల్లగా చూపిస్తుంది. అప్పుడు ఫొటో వెలుగును సరిచేసే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ప్లస్ 1కి పెంచండి.

బసకు లేపాక్షిలోనే గది దొరికితే తీసుకోండి. హిందూపురంలో హోటళ్లు ఎక్కువే గానీ, పొద్దున్నే సుమారు 15 కిలోమీటర్లు రావాలి. యాత్రికుల బస్సులు దిగాక నేలమీద కెమెరా పెట్టే చోటు దొరకదు.