గండికోట రూట్ ఫైళ్లు కొనేవాళ్లకు జాగ్రత్త

బెంగళూరు నుంచి జనవరిలో పక్షుల లెక్కకు గండికోట వెళ్లాలనుకుంటున్న మిత్రులకు. "మేం నడిచి చూసిన రూట్లు" అంటూ పెన్నా లోయ జీపీఎస్ ఫైళ్లు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. దయచేసి కొనకండి. ఇప్పటికే కొని ఉంటే, వాటిని నమ్మి ఎవరినీ లోయ అంచుకు పంపకండి.

మేం మారతహళ్ళి చుట్టుపక్కల ఉండే పదకొండు మందిమి. ఇన్నాళ్లూ హెబ్బాళ, జక్కూరు చెరువుల దగ్గరే లెక్కపెట్టేవాళ్లం. చెరువు దగ్గర పెద్ద కష్టమేమీ లేదు, గట్టు మీద ఒక చుట్టు తిరిగితే అయిపోతుంది. పోయిన చలికాలం మొదటిసారి గండికోట అనుకున్నాం. రూట్లు వేసే పని నాది. ఆఫీసులో పని ఎక్కువగా ఉండి, 2,400 రూపాయలు పెట్టి ఆరు రూట్ల ప్యాక్ కొన్నాను. ఫోన్‌లో వేసుకునే ఫైళ్లతో పాటు, తడవని కాగితం మీద ప్రింటు చేసిన మ్యాపు కూడా పంపారు. చూడ్డానికి ఎంతో శ్రద్ధగా చేసినట్టే ఉంది.

మూడో రూట్లో లోయ అంచు నుంచి నీళ్ల దాకా ఒక నీలం గీత ఉంది. 1.1 కిలోమీటర్లు, 25 నిమిషాల నడక అని రాశారు. ఆ రూటు నేను, మా అక్క కూతురు తీసుకున్నాం. తను ఇంజినీరింగ్ మొదటి సంవత్సరం. ఫోన్ చూస్తూ ముందు నడుస్తోంది. "పిన్నీ, ఇక్కడ కుడికి తిరగాలంట" అంది. కుడి పక్కన మంచం అంత వెడల్పున ఎర్రటి బండ ఒకటి, దాని పగుళ్లలో ఎండు గడ్డి. అంతే. ఆ తర్వాత నేల లేదు. ఎక్కడో కింద పచ్చటి నీళ్లు. అక్కడ లోయ దాదాపు మూడు వందల అడుగుల లోతు ఉంటుంది. తను కాలు మోపగానే ఆ బండ కొద్దిగా ఊగింది. జబ్బ పట్టుకుని వెనక్కి లాగాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా అరచేతులకు చెమట పడుతోంది.

వెనక మేకలు కాస్తున్న పెద్దాయన కేకేశాడు. "ఏమ్మా, యాడికి పోతాండారు? ఆ పక్క దావ ల్యా. మా మేకలే దిగవు."

ఆ రాత్రి ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. నిజంగా నడిచి రికార్డు చేసిన దారిలో ప్రతి పాయింటు పక్కన తేదీ, టైమ్ ఉంటాయి. ఇందులో ఒక్కదానికీ లేవు. టైమ్ తీసేసి అమ్మి ఉండొచ్చులే అని కూడా ఆలోచించాను. కానీ పాయింట్లన్నీ మలుపుల దగ్గరే ఉన్నాయి, మధ్యలో వంద, నూట నలభై మీటర్లు తిన్నటి గీత. మనిషి నడిస్తే రాయి అడ్డొస్తుంది, ముళ్లపొద అడ్డొస్తుంది, గీత వంకరలు పోకుండా ఉండదు. ఇది కుర్చీలో కూర్చుని గీసింది.

చెరువు గట్టు మీదైతే ఇలా గీసినా ప్రాణం మీదకు రాదు. లోయ దగ్గర వస్తుంది. చాలా యాప్‌లు వాడే ఎత్తుల డేటా 2000 ఫిబ్రవరిలో అమెరికా వ్యోమనౌక రాడార్‌తో కొలిచినది. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్ల చదరం. గడికి ఒకే ఎత్తు కాబట్టి నిలువు గోడ కాస్తా స్క్రీన్ మీద ఏటవాలులా కనిపిస్తుంది. ఎత్తు 20 మీటర్లు మారినప్పుడల్లా ఒక గీత గీసిన మ్యాపులో అయితే, నాలుగంతస్తుల మేడంత కొండ అంచు రెండు గీతల మధ్య కనపడకుండా పోగలదు. దీనికి తోడు లోయ లోపల శాటిలైట్ సిగ్నల్ రాతిగోడలకు తగిలి తిరిగొస్తుంది. ఫోన్‌లో మన చుక్క అటూ ఇటూ గంతులేస్తుంది. ఆ చుక్కను నమ్మి అంచు దగ్గర అడుగు వేయకూడదు.

లెక్క కూడా పాడైంది. ఒకటో రూటు, నాలుగో రూటు ఎదురెదురు అంచుల మీద ఒకే సమయానికి పెట్టారు. లోయ మీద తిరిగే గద్దలను రెండు జట్లూ రాసుకున్నాయి. ఏవి ఎవరివో తేలక ఆ రెండు షీట్లూ పక్కన పెట్టేశాం. రెండో రూట్లో పొద్దున్నంతా ఎండకు ఎదురుగా నిలబడాలి. పక్షులన్నీ నల్లటి నీడల్లా కనిపించాయి. తొమ్మిది కిలోమీటర్లు మూడు గంటల్లో అని రాశారు, కానీ ఆగి, చూసి, రాసుకుంటూ నడిస్తే ఆ నేల మీద గంటకు కిలోమీటరున్నర దాటదు. చలికాలం ఆరింటికల్లా చీకటి పడుతుందని రూట్లు వేసేవాళ్లకు తెలియదా?

అమ్మినవాళ్లకు ఫొటోలతో సహా రాశాను. "డిజిటల్ వస్తువులకు రీఫండ్ లేదు, మ్యాపు వాడటం కొన్నవారి బాధ్యత" అని ఒక్క లైను జవాబు. వదిలేయలేదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. నేను 1915కి ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేయించాను. అమ్మినవాళ్లు ఏ ఊళ్లో ఉన్నా, 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే ఊళ్లోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు కూడా లేదు. కాబట్టి బెంగళూరులో ఉంటూ కొన్నవాళ్లు దూరమని ఆగిపోవద్దు.

ఈసారి మేం చేస్తున్నది చెబుతాను. ఒక రోజు ముందే వెళ్లి, ఆ పెద్దాయనకు రోజు కూలి ఇచ్చి, ఆయన వెంట నడిచి దారి మేమే రికార్డు చేసుకుంటాం. ఇదే కడప జిల్లాలో, అంతరించిపోయిందనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ దొరికింది కూడా స్థానికుల సాయంతోనే. సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 మ్యాపు పక్కన పెట్టుకుని, ఎత్తు గీతలు దగ్గరగా చేరిన (అంటే వాలు నిట్టనిలువుగా ఉన్న) ప్రతిచోటా ఆయన్ని అడుగుతాం. ఒక సమయంలో ఒక అంచు మీదే లెక్క ఉంటుంది. అవతలి ఒడ్డుకు రోడ్డు మీద చుట్టు తిరిగి వెళ్లేందుకు ఒక పూట విడిగా ఉంచుకున్నాం. నీళ్ల దాకా ఎవరూ దిగరు. బాతులు, నీటికాకుల లెక్క పై నుంచి స్పాటింగ్ స్కోప్‌తోనే (పక్షులను దూరం నుంచి చూసే దుర్భిణి).

మీలో ఎవరైనా ఇలాంటి ప్యాక్ కొని ఉంటే, ఫైలు తెరిచి పాయింట్ల పక్కన టైమ్ ఉందో లేదో చూసి ఇక్కడ చెప్పండి. బిల్లు, వాళ్లు పంపిన మెసేజ్‌లు డిలీట్ చేయకండి. నలుగురైదుగురం కలిస్తే ఫిర్యాదు కలిపి వేద్దాం.