ఎడ్జ్‌లో ‘స్ట్రిక్ట్’ సెక్యూరిటీ: నెట్ సెంటర్లకు తప్పకుండా కావాలి

విజయనగరంలో మాది చిన్న నెట్ సెంటర్. హాల్‌టికెట్లు, కౌన్సెలింగ్ వెబ్ ఆప్షన్లు, ఈసీలు, పాన్ కార్డులు... రోజంతా బ్రౌజర్ మీదే పని. జనం ఆధార్లు, మార్కుల మెమోలు తెరిచేదీ అందులోనే, వాట్సాప్‌లో వచ్చిన తెలియని లింకులు నొక్కేదీ అందులోనే. అందుకే అన్ని సిస్టమ్‌లలోనూ మైక్రోసాఫ్ట్ ఎడ్జ్ బ్రౌజర్‌లోని ఎన్‌హాన్స్‌డ్ సెక్యూరిటీ అనే సెట్టింగ్‌ను స్ట్రిక్ట్‌లో పెట్టాను. చాలా బాగుంది.

ఇది ముఖ్యంగా చేసేది జేఐటీని ఆపడం. ఎడ్జ్‌లోనూ క్రోమ్‌లోనూ జావాస్క్రిప్ట్‌ను, అంటే వెబ్ పేజీల్లో ఉండే కోడ్‌ను, నడిపే ఇంజిన్ వి8. మళ్లీ మళ్లీ నడిచే కోడ్‌ను అది అప్పటికప్పుడు ప్రాసెసర్ నేరుగా నడిపే మెషీన్ కోడ్‌గా మారుస్తుంది. ఇదే జేఐటీ (జస్ట్-ఇన్-టైమ్), ఆ మార్చే భాగమే జేఐటీ కంపైలర్. ఇక్కడికి ఎప్పుడూ అంకెలే వస్తాయని ఊహించుకుని, వేగం కోసం కొన్ని తనిఖీలు వదిలేస్తుంది. ఆ లెక్క ఎక్కడైనా తప్పితే, దాడి చేసేవాడు అంకె రావాల్సిన చోటికి ఇంకో రకం డేటా పంపి, ముట్టుకోకూడని మెమరీని చదువుతాడు, మార్చేస్తాడు. దీన్నే టైప్ కన్‌ఫ్యూజన్ అంటారు.

2024లో కాస్పర్‌స్కీ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ బయటపెట్టిన లాజరస్ హ్యాకర్ల ముఠా దాడి ఇలాంటిదే. డీట్యాంక్‌జోన్ అనే ట్యాంకుల ఆట సైట్‌ను క్రోమ్‌లో తెరిస్తే చాలు, ఏదీ డౌన్‌లోడ్ చేయకుండానే దాడి మొదలయ్యేది. వాళ్లు వాడుకున్న లోపాల్లో ఒకటి, సీవీఈ-2024-4947 (బయటపడిన ఒక్కో భద్రతా లోపానికి ఇచ్చే నంబరే సీవీఈ), వి8లోని మాగ్లెవ్ అనే జేఐటీ కంపైలర్‌లోది. స్ట్రిక్ట్‌లో ఆ కంపైలర్ నడవనే నడవదు! 2019 తర్వాత వి8కి వచ్చిన సీవీఈలలో దాదాపు 45 శాతం జేఐటీకి సంబంధించినవేనని మైక్రోసాఫ్ట్ బృందం 2021లోనే రాసింది.

స్పీడు సంగతి. జేఐటీ ఆపితే, బ్రౌజర్ వేగాన్ని కొలిచే స్పీడోమీటర్ 2.0 పరీక్షలో 58 శాతం దాకా పడిపోవచ్చని మైక్రోసాఫ్ట్ వాళ్లే చెప్పారు. మా పనుల్లో మాత్రం ఆ తేడా తెలియదు. పెళ్లికార్డులు డిజైన్ చేసే సైట్లే బరువెక్కుతాయి, “అక్కా, ఇంకా తిరుగుతూనే ఉంది” అంటారు. అలాంటివాటిని మినహాయింపుల్లో పెట్టేశాను.

బ్యాలెన్స్‌డ్ అని ఇంకోటుంది. తరచూ వెళ్లే సైట్లను అది వదిలేస్తుంది. ఒక్కరే వాడే ల్యాప్‌టాప్‌కు సరే, పదిమంది కూర్చునే సిస్టమ్‌కు చాలదు. నాకు నచ్చనిదల్లా, ఇంత మంచి సెట్టింగ్‌ను ప్రైవసీ పేజీలో ఎక్కడో కింద పెట్టడం.

మెమరీ లోపాలన్నీ జేఐటీవి కావు, కాబట్టి అప్‌డేట్లు మానకూడదు. మా సెంటర్లలో బ్రౌజర్ రోజుల తరబడి తెరిచే ఉంటుంది. రీస్టార్ట్ చేస్తేనే కొత్త వెర్షన్ పనిచేస్తుంది. రాత్రి షట్టర్ వేసే ముందు అన్నీ మూసేయండి.