ఆబిడ్స్ ఆదివారం బజారు: డిటెక్టివ్ సిరీస్‌ల కోసం తిరిగేవారికి

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పాత పుస్తకాల సంగతి ఎవరైనా అడిగితే, మీకు కావలసింది ఏమిటని ముందు నేనే అడుగుతాను. పోటీ పరీక్షల గైడో, ఇంజనీరింగ్ పాఠ్యపుస్తకమో అయితే నేరుగా కోఠీకి వెళ్లండి. ఫలానా నవల, ఫలానా ముద్రణ, అదీ ఈ వారంలోనే కావాలంటే ఫోనులో తెప్పించుకోండి. ఒక డిటెక్టివ్ మీద మనసు పడి, అతను కనిపించే నవల ఏదైనా సరే, ఎన్నోదైనా సరే అనుకునేవారికి మాత్రం హైదరాబాదులో దీన్ని మించిన చోటు లేదు. ఈ సమీక్ష వారి కోసమే.

నేను హిమాయత్‌నగర్‌లో ఒక ఆడిటర్ గారి ఆఫీసులో పని చేస్తాను. వారమంతా వోచర్లు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు పక్కపక్కన పెట్టుకుని ఏది దేనితో సరిపోలేదో చూడటమే నా ఉద్యోగం. సెలవు రోజున కూడా అదే పని చేసే మనిషి కథలు చదవడమేమిటని మా వారు ఎగతాళి చేస్తారు. తేడా ఉందండీ. మా దగ్గర లెక్క తేలకపోతే సస్పెన్స్ ఖాతాలో వేసి వచ్చే ఏడాదికి నెట్టేస్తాం. కొమ్మూరి సాంబశివరావు నవలల్లోని డిటెక్టివ్ యుగంధర్‌కు ఆ సదుపాయం లేదు.

జీపీఓ (పెద్ద పోస్టాఫీసు) ముందు నెహ్రూ విగ్రహం దగ్గర దిగితే చాలు. ఆదివారం మూసి ఉన్న షట్టర్ల ముందు టార్పాలిన్లు, పాత బెడ్‌షీట్లు పరిచి పుస్తకాలు పోసి ఉంటాయి. రెండు రకాల అమ్మకం. ఒకటి గుట్ట. అట్టముక్క మీద రేటు రాసి గుచ్చుతారు, ఏది తీసినా అంతే. రెండోది వరస. వెన్ను పైకి కనిపించేలా నిలబెడతారు, ధర మాత్రం ఎక్కడా రాయరు. మీ ముఖం చూసి చెబుతారు. వెతుకుతున్న పుస్తకం దొరికిందని ముఖంలో సంతోషం కనబడిందా, ఇరవై రూపాయలు పెరిగినట్టే. నేను కావలసిన పుస్తకాన్ని ఒక వంటల పుస్తకం, ఒక టైపు నేర్చుకునే పుస్తకం మధ్య పెట్టి, మూడింటికీ కలిపి ధర అడుగుతాను. తర్వాత ఆ రెండూ వద్దంటాను. ఇది న్యాయమా అని అడగకండి, బేరమంటే అంతే.

ఇంగ్లిష్ పాకెట్ పుస్తకాలకు ఇక్కడ కొదవ లేదు. ఎర్ల్ స్టాన్లీ గార్డ్‌నర్ సృష్టించిన లాయరు పెర్రీ మేసన్ దాదాపు ప్రతి గుట్టలోనూ తల ఎత్తుతాడు. 1933లో మొదలై ఎనభైకి పైగా నవలల్లో వాదించిన మనిషి కాబట్టి వింతేమీ లేదు. అగథా క్రిస్టీ కూడా అంతే. తెలుగు డిటెక్టివ్ నవలలే కష్టం. అవి గుట్టల్లో పైకి కనిపించవు. పాత వారపత్రికల బైండ్ల కింద, పురికొసతో కట్టిన కట్టల్లో ఉంటాయి. ఏ పాత ఇంటి అటక ఖాళీ చేసినప్పుడో, ఏ అద్దె పుస్తకాల షాపు మూతపడ్డప్పుడో మొత్తంగా వచ్చి పడతాయి. కట్ట విప్పమంటే కొందరు విసుక్కుంటారు. విసుక్కోని వారి దగ్గరే కొనండి.

అలాంటి ఒక కట్టలో దొరికిన కొమ్మూరి సాంబశివరావు నవల ఇప్పుడు నా ముందు ఉంది. అట్ట పోయింది. ఎవరో బ్రౌన్ కాగితం అంటించి, మీద ఊదారంగు సిరాతో పేరు రాశారు. లోపల అద్దె షాపు రబ్బరు ముద్ర, దాని కింద తేదీల చీటీ. చీటీ మీద ఒక వరసలో తీసుకెళ్లిన తేదీ, పక్క వరసలో తిరిగి ఇచ్చిన తేదీ. వృత్తి రీత్యా నా కన్ను ముందు వాటి మీదే పడింది. దాదాపు అన్నీ ఒక రోజు, రెండు రోజుల తేడా. ఉదయం తీసుకెళ్లి సాయంత్రానికి ఇచ్చినవీ ఉన్నాయి, రెండో రోజు అద్దె పడకుండా కాబోలు. ఒక్కచోట మాత్రం పుస్తకం పద్దెనిమిది రోజులు బయట ఉంది. ఆ గడి పక్కన ఎర్ర సిరాతో జరిమానా రాసి, మళ్లీ అడ్డంగా కొట్టేశారు. ఎవరు వారు, ఎందుకు అంత ఆలస్యమైంది, జరిమానా ఎందుకు మాఫీ చేశారు? నవలలో హత్య చేసింది ఎవరో తెలిసింది కానీ ఇది మాత్రం తేలలేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఈ నవలల మీద జనానికి ఇంత మోజు ఎందుకు? హంతకుడెవరో తెలుసుకోవాలన్న ఆత్రం అంటారు. నేను ఒప్పుకోను. ఆత్రమే కారణమైతే సిరీస్ అక్కరలేదు, ప్రతి నవలలోనూ కొత్త పరిశోధకుడు వచ్చినా సరిపోతుంది. ఈ బజారులో నాలాంటి వాళ్లు అడిగేది చూడండి. ‘విషప్రయోగం కథ ఉందా’ అని ఎవరూ అడగరు. ‘యుగంధర్ ఉన్నాడా’ అంటారు, ‘హోమ్స్ వచ్చాడా’ అంటారు. మనిషి కావాలి. నేరం అతను రావడానికి ఒక నెపం. కిందటి నవలలో ఎంత రక్తం పారినా ఈ నవల మొదటి పేజీకి యుగంధర్ యుగంధరే, అసిస్టెంట్ రాజు రాజే. ఇంట్లో, ఆఫీసులో, రాజకీయాల్లో ఏదీ నిన్నటిలా ఉండని మనకు అది చిన్న సుఖం కాదు.

రాజు సంగతి కొంచెం చెప్పాలి. అసిస్టెంటును చాలామంది లెక్కచేయరు. 1929లో రోనాల్డ్ నాక్స్ అనే మతగురువు, తానూ డిటెక్టివ్ నవలలు రాసేవాడు, ఈ తరహా కథలకు పది నియమాలు పెట్టాడు. అందులో ఒకటి: డిటెక్టివ్ పక్కన ఉండే స్నేహితుడు తన మనసులో మెదిలిన ఆలోచన ఏదీ పాఠకుడికి దాచకూడదు, అతని తెలివి సగటు పాఠకుడి తెలివి కంటే కాస్తంత, చాలా కాస్తంత మాత్రమే, తక్కువగా ఉండాలి. ఆ ‘కాస్తంత’లోనే ఉంది కిటుకు. పక్కవాడు మరీ మొద్దయితే విసుగు పుడుతుంది. మనకంటే చురుకైతే మనం చిన్నబోతాం. మనం కనిపెట్టి, అతను కనిపెట్టకుండా ఒక్క పేజీ గడిస్తే చాలు, పుస్తకం కిందపెట్టబుద్ధి కాదు. బెంగాలీ డిటెక్టివ్‌లు బ్యోమకేశ్ బక్షీ పక్కన అజిత్, ఫెలూదా పక్కన తోప్షే ఉన్నది కూడా అందుకే. బ్యోమకేశ్‌కు డిటెక్టివ్ అన్న మాటే గిట్టదు, తనను తాను సత్యాన్వేషి అని చెప్పుకుంటాడు. 1993లో బాసూ చటర్జీ దూరదర్శన్‌కు తీసిన సీరియల్‌తో అతను మా ఇంటికీ వచ్చాడు. హిందీ అంతంత మాత్రమే వచ్చిన మా అమ్మ కూడా అజిత్ ముఖం చూసి కథ అర్థం చేసుకునేది.

మధుబాబు గారి షాడో నవలల కట్టలు కూడా ఇక్కడ తగులుతుంటాయి, చిన్న మాట చెప్పి వదిలేస్తాను. అది వేరే దారి. గూఢచారికి ఆధారాలతో పని తక్కువ, కండబలంతో పని ఎక్కువ. ఆ దారి అభిమానులు వేరే, వారి బేరాలూ వేరే.

మనిషి కోసమే చదువుతారనడానికి షెర్లాక్ హోమ్స్ కంటే సాక్ష్యం అక్కరలేదు. కానన్ డాయిల్ 1893లో అతన్ని స్విట్జర్లాండులో జలపాతం దగ్గర చంపేశాడు. కథలు వేస్తున్న పత్రికకు చందాదారులు చందాలు మానుకున్నారు. రచయిత మొదట అతని చావుకు ముందు కాలం కథ ఒకటి రాసి సర్దుకుందామని చూశాడు. అది చాలలేదు, 1903లో మనిషినే వెనక్కి తీసుకురావలసి వచ్చింది. చివరికి నాలుగు నవలలు, యాభై ఆరు కథలు. ఇంతలా ప్రేమించిన పాఠకులు ఏమైనా లెక్కలు చూసుకున్నారా? హోమ్స్ స్నేహితుడు వాట్సన్‌కు యుద్ధంలో తగిలిన తూటా మొదటి నవలలో భుజానికి, రెండో నవలలో కాలికి. మా ఆఫీసులో ఇలాంటి తేడా వస్తే ఆ ఫైలు నేను సంతకానికి పంపను. ఇక్కడ మాత్రం నూరేళ్లకు పైగా ఆ ఎంట్రీ అలాగే నడుస్తోంది, పాఠకులు దాన్ని ముద్దుగా తలచుకుంటున్నారు కూడా. ఈ రెండు నవలలూ ఒకే గుట్టలో దొరికితే పక్కపక్కన పెట్టి చూడండి, ఆ ఆనందం వేరు.

అగథా క్రిస్టీ డిటెక్టివ్ హెర్క్యూల్ పొయిరో సంగతి ఇంకా విచిత్రం. 1920లో మొదటి నవలకే ఉద్యోగం నుంచి రిటైరైన మనిషి, 1975 దాకా కేసులు పట్టాడు. చివరి కేసును క్రిస్టీ రెండో ప్రపంచ యుద్ధ కాలంలోనే రాసి దాచిపెట్టింది. అది వెలువడిన ఏడాది న్యూయార్క్ టైమ్స్ మొదటి పేజీలో అతని మరణవార్త వేసింది. కాగితం మీద పుట్టిన మనిషికి!

ఫుట్‌పాత్ నాకు ఎందుకు నచ్చుతుందో ఇప్పుడు చెప్పడం తేలిక. ఇక్కడ ఏ సిరీసూ వరసగా దొరకదు. పదమూడోది ముందు, నాలుగోది తర్వాత. కొత్త పుస్తకాల షాపుకు వెళ్తే మొదటిది చేతిలో పెట్టి ఇక్కడి నుంచి మొదలుపెట్టండి అంటారు. పాత తరం సిరీస్‌లకు ఆ జాగ్రత్త అనవసరం. వారపత్రిక పాఠకుడు, అద్దె షాపు పాఠకుడు ఎక్కడ అడుగుపెట్టినా తడబడకూడదనే వాటిని కట్టారు. ఈ మధ్య రాస్తున్నవి అలా కాదు. డిటెక్టివ్‌కు విడాకులవుతాయి, కూతురు అలుగుతుంది, తాగుడు పెరుగుతుంది, మానేస్తాడు, మళ్లీ పట్టుకుంటాడు. ఆరోదానితో మొదలుపెడితే అతను ఎవరి మీద ఎందుకు చిరాకుపడుతున్నాడో తెలియదు. అలాంటివి గుట్టలో కనిపిస్తే ఎంత చవకైనా వదిలేయండి. వరస పెట్టి చదివేవారికి దక్కేదీ ఎప్పుడూ పూర్తి లెక్క కాదు. డిటెక్టివ్ నవలల రచయిత్రి సూ గ్రాఫ్టన్ 1982లో ఇంగ్లిష్ అక్షరమాల ‘ఎ’తో మొదలుపెట్టి, అక్షరానికొక నవల చొప్పున 2017లో ‘వై’ దాకా వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులో కన్నుమూసింది. ‘జడ్’ లేదు. ఆమె తరఫున వేరెవరితోనూ రాయించబోమని కుటుంబం చెప్పింది. మంచి నిర్ణయం.

ఇక ఫిర్యాదులు. అన్నిటికంటే పెద్దది చిరిగిన పుస్తకాలు. ఒక దుకాణంలో నాకు చివరి ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) లేని నవల అంటగట్టారు. పదహారు పేజీలు, అంటే సరిగ్గా డిటెక్టివ్ అందరినీ హాల్లో కూర్చోబెట్టి మాట్లాడటం మొదలుపెట్టిన చోటు నుంచి. మరుసటి వారం తీసుకెళ్లి చూపిస్తే అమ్మినాయన ఏమాత్రం తడుముకోలేదు.

“అందుకేనమ్మా ముప్పైకిచ్చాను.”

డబ్బు వాపసు లేదు, మార్పిడి లేదు. కాబట్టి కొనే ముందు వెన్ను వైపు నుంచి చూసి ఫారాల కుట్లు సరిగ్గా ఉన్నాయో లేదో, చివరి పేజీ సంఖ్య ఎంతో చూసుకోండి. కొందరు పుస్తకాలను ప్లాస్టిక్ కవరులో బిగించి, విప్పి చూడనివ్వరు. వారి దగ్గర డిటెక్టివ్ నవల కొనడం శుద్ధ దండగ.

రెండో ఫిర్యాదు పాత పాఠకుల మీద. హంతకుడి పేరు మొదటిసారి వచ్చిన చోటే పెన్సిలుతో గీత గీసి ‘వీడే’ అని రాసే మహానుభావులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నట్టున్నారు. కొనే ముందు మార్జిన్లు చూడబోతే కథ తెలిసిపోతుంది, చూడకపోతే ఇంటికి వెళ్లాక తెలిసిపోతుంది. నేను రబ్బరు తీసుకుని మా వారికి ఇస్తాను, ఆయన ముందు తిరగేసి చెరిపి ఇస్తారు. ఆయన డిటెక్టివ్ నవలలు చదవరు కాబట్టి నష్టం లేదు.

అమ్మేవారిలో మెచ్చుకోదగ్గవారూ ఉన్నారు. జీపీఓ నుంచి రెండో మలుపు దాటాక ఒక పెద్దాయన కూర్చుంటారు. తెలుగు చదవడం రాదు, ఉర్దూ చదువుతారు. కానీ అట్ట మీది బొమ్మలన్నీ ఆయనకు కంఠస్థం. పిస్తోలు, కిటికీ, నీలం చీర ఉన్నది నేను చేతిలోకి తీసుకోగానే, “ఇది మీ దగ్గరుందమ్మా, పండగ ముందు తీసుకున్నారు” అన్నారు. అమ్మకం పోయినా పరవాలేదనుకునే వ్యాపారి ఈ కాలంలో అరుదు. ఆయన దగ్గర నేను బేరం ఆడను.

వెళ్లేవారికి కొన్ని ముక్కలు. పదకొండు దాటాక వెళ్లండి, అంతకుముందు మూటలు విప్పుతూ ఉంటారు. మధ్యాహ్నం మూడు తర్వాత మంచివి మిగలవు. నాంపల్లి మెట్రో నుంచి నడిచి రావచ్చు, బండి తెస్తే నిలిపే చోటు కోసం తిరగాలి. చిల్లర ఉంచుకోండి, ఫోనులో డబ్బు తీసుకునేవారు ఉన్నారు కానీ బేరం నోటు చూపితేనే తెగుతుంది. వాన పడే సూచన ఉంటే మానుకోండి. చినుకు పడగానే అందరూ టార్పాలిన్ నాలుగు మూలలూ ఎత్తి మూట కట్టేస్తారు, అప్పుడు ఎంత బతిమాలినా ఏదీ బయటికి రాదు. డిసెంబరులో ఎన్టీఆర్ స్టేడియంలో జరిగే పుస్తక ప్రదర్శనలోనూ పాత పుస్తకాల స్టాళ్లు ఉంటాయి. అక్కడ నీడ, వరస, శుభ్రం అన్నీ బాగుంటాయి, ధరలు కూడా వాటికి తగ్గట్టే.

అయిదుకు నాలుగు ఇస్తున్నాను. తగ్గించిన ఒకటి చివరి ఫారానికి. బిల్లు ఎవరూ ఇవ్వరన్నదానికి అర మార్కు తీసేద్దామనుకున్నాను కానీ, ముప్పై రూపాయల నవలకు వోచరు అడిగే మనిషిని నేను కూడా నమ్మను.